ఎవరూ అడగని చెవి

నేను ఒక ఒణుకుడు వస్తువును. పుట్టుకతోనే అంతే. పైకి రెండు ఉక్కు కాళ్ళు, కిందికి ఒక తోక, తోక చివర చిన్న బిళ్ళ. కాళ్ళ మీద ఒక్క దెబ్బ తగిలితే చాలు, సెకనుకు ఐదు వందల పన్నెండు సార్లు ఒణుకుతాను. జాలిపడకండి, అది నా నవ్వు. బడి పుస్తకాల్లో నన్ను శృతిదండం అంటారు. ఆసుపత్రిలో ట్యూనింగ్ ఫోర్కు. మా కాంపౌండరు బుల్లెబ్బాయి గారు మాత్రం ముప్ఫయ్యేళ్ళ సర్వీసు తర్వాత కూడా “ఆ జుంయ్ మనేది” అనే అంటారు. నాకు ఆ పేరే ఇష్టం.

నన్ను చేసింది ఒక చిన్న కర్మాగారంలో ఒక ముసలాయన. ఆకురాయితో కొంచెం రాసేవాడు, మోకాలికి కొట్టుకుని చెవి దగ్గర పెట్టుకునేవాడు, తల అడ్డంగా ఊపేవాడు. మళ్ళీ కొంచెం రాసేవాడు. నాకంటే ముందు మూడు ఉక్కు ముక్కలు ఒక్క రాపిడి ఎక్కువై చెత్తబుట్టలో పడ్డాయి. నా వంతు వచ్చేసరికి ఎందుకో ఆయన నవ్వాడు. ఆ నవ్వుతో నేను పుట్టాను.

నన్ను మొదట కొన్నది త్రినాథ్ అనే వైద్య విద్యార్థి. పాపం, నాతో హాస్టల్లో వేరుశనక్కాయలు కొట్టుకునేవాడు. పరీక్షనాడు కంగారులో నన్ను మోగించడమే మరిచిపోయి రోగి చెవి దగ్గర పెట్టి, “వినిపిస్తోందా?” అన్నాడు. ఆ పెద్దమనిషి మర్యాదగా, “ఆ, బాగా వినిపిస్తోంది బాబూ” అన్నాడు! మనుషుల గురించి నేను నేర్చుకున్న మొదటి పాఠం అది. వినపడడం లేదని ఒప్పుకోవడం కంటే వినపడిందనడమే వాళ్ళకు తేలిక.

త్రినాథ్ పాసయ్యాక పాత సామాన్ల కొట్టు చేరాను. అక్కణ్ణుంచి సాంబమూర్తి మాస్టారు నన్ను ఒక పల్లెటూరి హైస్కూలుకు తీసుకెళ్ళారు. ఎంత సరదా రోజులో! చెప్పు అట్టకు నన్ను కొట్టి, గ్లాసు నీళ్ళలో ముంచేవారు. నీళ్ళు చిమ్మి ముందు బెంచీ వాళ్ళ మొహాలు తడిసేవి. పిల్లలంతా గొల్లుమనేవారు. ప్రసూన అనే పిల్ల మాత్రం మొహం తుడుచుకోకుండానే, “మళ్ళీ చెయ్యండి మాస్టారూ” అనేది. ఆ అమ్మాయికి డాక్టరు సీటు వచ్చిన రోజున మాస్టారు నన్ను జేబురుమాల్లో చుట్టి ఆమె చేతిలో పెట్టారు.

ఇప్పుడామె చెవి, ముక్కు, గొంతు డాక్టరు. కోనసీమలో కొబ్బరితోటల మధ్య చిన్న ఆసుపత్రి. నేను ఆమె బల్ల మీద ఉంటాను. ఈ డాక్టరమ్మకు ఒక పద్ధతి ఉంది. చెవి పోటని ఎవరొచ్చినా, పోటు లేని చెవిని ముందు చూస్తుంది. దాంతో ఊళ్ళో ఒక ప్రచారం బయల్దేరింది. ఆవిడ మంచిదే కానీ, కుడి ఎడమలు తెలియవని! ఒకాయనైతే తన జబ్బు చెవి మీద సున్నంతో బొట్టు పెట్టుకుని మరీ వచ్చాడు. ఆ రోజు బుల్లెబ్బాయి గారు నవ్వు ఆపుకోలేక మందుల గదిలోకి పారిపోయారు. నేను ఎవరూ కొట్టకుండానే ఒణికాను.

ఇక నూకరత్నం గారి సంగతి.

నూకరత్నం గారు కురిడీ కాయల కొట్టులో కాయలు ఏరుతుంది. ముదురు కొబ్బరికాయల్ని ఏడాది పాటు అటక మీద ఉంచితే లోపల నీళ్ళు ఇంకిపోయి, కొబ్బరి గుండులా విడిపడుతుంది. అదే కురిడీ. పగలగొట్టకుండా అది ఎండిందో, కుళ్ళిందో చెప్పాలి. ఆమె కాయను కుడి చెవి దగ్గర ఒకసారి ఊపి, గోరుతో ఒకసారి కొట్టి, “మంచిది”, “కుళ్ళు” అని అటూ ఇటూ గిరాటేసేది. పాతికేళ్ళుగా ఆమె మాటకు తిరుగులేదు. ఎడమ చెవి చిన్నప్పటినుంచీ చీము కారుతూనే ఉంది. దాన్ని ఆమె ఎప్పుడో వదిలేసింది.

ఈ ఏడు మాత్రం రెండు లోడ్లలో కుళ్ళు కాయలు వెళ్ళాయి. కొట్టు యజమాని గనిరాజు గారు, “ఆ కారే చెవి బాగుచేయించుకునిరా. దసరా లోడు దాకా చూస్తా. అప్పటికీ ఇంతే అయితే నీ పీట సుబ్బయ్యమ్మకిస్తా” అన్నారట. పీట అంటే కాయల రాశి పక్కన ఆమె కూర్చునే చెక్కపీట. అది పోతే ఆమె రాశి పక్క మనిషి కాదు, బస్తాలు కుట్టే పదిమందిలో ఒకతె.

ఆమె కూర్చోగానే డాక్టరమ్మ కుడివైపు తిరిగింది.

“అదేటండి డాట్రుగారూ! చీము కారేది ఈ చెవండి. మీరు ఆ చెవిలో దూరిపోతన్నారేటి?”

“ఆవిడంతేనమ్మా. అడిగిన చెవి ఆఖర్న సూత్తారు” అన్నారు బుల్లెబ్బాయి గారు.

“రెండు చెవులూ లోపల్నుంచి ఒకే ముక్కుకి కలుస్తాయి, అక్కచెల్లెళ్ళండీ. అక్కకి ఇన్నేళ్ళు జబ్బుంటే చెల్లెల్ని పలకరించొద్దా?” అంది డాక్టరమ్మ.

“చెల్లికేటండి, రాయండి రాయి! ఈ యేడు కాయలే మాటాడ్డం లేదు గానీ.”

డాక్టరమ్మ నన్ను అరచేతి అంచుకు కొట్టింది. నేను జుంయ్ మన్నాను. నా తోక తెచ్చి నూకరత్నం గారి నుదుటి మధ్యన, బొట్టుకు కాస్త పైన ఆనించింది.

“ఎటువైపు మోగుతోంది?”

“కుడేపండి! గుళ్ళో గంట కొట్టినట్టు మోగేత్తంది. సూశారా, నే సెప్పలా!”

బుల్లెబ్బాయి గారు “శభాష్” అన్నారు. నాకు మాత్రం నవ్వు ఆగిపోయింది.

ఎందుకో చెప్తాను. మీరు ఒక చెవిలో వేలు పెట్టుకుని, నోరు మూసుకుని “ఉమ్ మ్ మ్” అనండి. చుట్టుపక్కల ఎవరైనా ఉంటే ఉండనివ్వండి, ఫరవాలేదు. మీ శబ్దం ఏ చెవిలో గట్టిగా మోగింది? మూసిన చెవిలో! ఎముక మీదుగా నేను పరిగెత్తినప్పుడు, బయటి చప్పుడు రాని చెవిలోనే ఎక్కువ మోగుతాను. తలుపులు వేసిన గదిలో పాటలా. ఏళ్ళుగా చీము కారే ఎడమ చెవికి కర్ణభేరిలో చిల్లు ఉంటుంది, బయటి చప్పుడు సరిగా పోదు కాబట్టి, న్యాయంగా నేను అటే పోవాలి. కుడికి పోయానంటే, అక్కడ ఇంకా గట్టిగా తలుపులు బిగిసి ఉండొచ్చు.

డాక్టరమ్మ నన్ను మళ్ళీ మోగించి కుడి చెవి వెనక ఎముక మీద పెట్టింది.

“బాగా మోగుతందండి.”

తర్వాత చెవి రంధ్రం ముందుకు తెచ్చింది.

“ఆగిపోయిందేటండి అది?”

నేను ఆగలేదు. ఆమె చెవికి అంగుళం దూరంలో, నా బలం కొద్దీ ఒణుకుతూనే ఉన్నాను. ఆ అంగుళం గోదావరి పాయంత వెడల్పుగా అనిపించింది నాకు.

డాక్టరమ్మ దీపం పెట్టి లోపల చూసింది. వినికిడి మిషను మీద పరీక్ష చేసింది. ముక్కు వెనక కూడా సన్నని గొట్టంతో చూసి, అక్కడ చెడ్డదేమీ లేదని చెప్పింది. ఆ తర్వాత కాగితం మీద బొమ్మ గీసింది. కుడి చెవిలో కర్ణభేరి లోపలికి లాక్కుపోయి ఉంది. దాని వెనక పలచని టీ రంగు నీళ్ళు, అందులో రెండు బుడగలు. నొప్పి లేదు, చీము లేదు. నెలల తరబడి నెమ్మదిగా చేరాయి, అందుకే ఆమెకు తెలియలేదు.

నూకరత్నం గారు బొమ్మను చాలాసేపు చూసింది.

“అంటే... నీళ్ళింకని కాయన్నమాట నా చెవి.”

“అచ్చం అదేనండీ” అంది డాక్టరమ్మ.

“మరి కాయలు మాటాడకపోడం...”

“అవి మాట్లాడుతూనే ఉన్నాయండీ.”

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. ఎడమది పోయినా కుడిది ఉందన్న ధైర్యంతో బతికిన మనిషి. కాసేపటికి ముక్కు ఎగబీల్చి, “పాపం, ఆటిని తిట్టేసేనండి. కాయల్ని” అంది.

ఎడమ చెవి ఆపరేషను తర్వాత చేద్దాం, ముందు పనికొచ్చే చెవి సంగతి చూద్దాం అని తేల్చింది డాక్టరమ్మ. మందులు వాడారు, కొన్నాళ్ళు ఆగి చూశారు. నీళ్ళు కదల్లేదు. చివరికి కుడి కర్ణభేరికి చిన్న గాటు పెట్టి, నీళ్ళు తీసి, నువ్వుగింజంత గొట్టం అమర్చింది.

వారం తర్వాత నన్ను మళ్ళీ నుదుటి మీద పెట్టారు.

“అయ్యబాబోయ్, ఎడమేపు ఎల్లిపోయిందండి!” అని ఆమె కెవ్వుమంది.

“అక్కడికే పోవాలండీ!” అని డాక్టరమ్మ నవ్వింది. కుడి చెవి ముందుకు తెచ్చేసరికి నూకరత్నం గారు ఉలిక్కిపడి తల వెనక్కి లాక్కుంది. “చెవిలో అరుత్తారేటండి!” నేను ఎంత నవ్వానో! డాక్టరమ్మ వేళ్ళతో పట్టుకుని ఆపాల్సి వచ్చింది.

దసరా లోడుకు ముందు గనిరాజు గారే బుట్టెడు కాయలు పట్టుకుని ఆసుపత్రికి దిగారు. “ఆయ్, డాక్టరు గారి ఎదరే తేల్చేద్దామండి. ఇందులో నేను ఒక్క కుళ్ళు కాయ కలిపా. పట్టుకుంటే పీట దానిదే.”

వసారాలో రోగులంతా దగ్గడం మానేశారు. బుల్లెబ్బాయి గారు ఫ్యాను కట్టేశారు. నూకరత్నం గారు నేల మీద బాసింపట్టు వేసుకుని మొదలుపెట్టింది. ఊపు, గోటి దెబ్బ, మంచిది. ఊపు, గోటి దెబ్బ, మంచిది. పదకొండో కాయ దగ్గర ఆగి, “కుళ్ళు” అని యజమాని కాళ్ళ దగ్గరికి దొర్లించింది.

“అదే అదే! అయిపోయింది, పీట నీదే” అన్నారు గనిరాజు గారు.

“ఆగండి బాబూ, బుట్ట ఇంకా అవలేదు” అంటూ కొనసాగించి, పంతొమ్మిదోదీ దొర్లించింది. “ఇదీ కుళ్ళే.”

“ఒకటే కలిపానంటుంటే! అది నేను స్వయంగా ఏరిన కాయ.”

“అందుకేనండి” అంది నూకరత్నం గారు.

బుల్లెబ్బాయి గారు దాన్ని గుమ్మానికేసి కొట్టారు. వాసనకు ముందు వరసంతా లేచి నిలబడింది. గనిరాజు గారు పై పంచె ముక్కుకు అడ్డం పెట్టుకుని, “సరే, నన్నూ చూడండి డాక్టరు గారూ. ముందు ఏ చెవైనా పర్లేదు” అన్నారు. వసారా అంతా నవ్వులే.

ఆ సందట్లో నూకరత్నం గారు లేచి, గుమ్మం పక్క బల్ల మీది నన్ను చేతిలోకి తీసుకుంది. డాక్టర్లు పట్టుకున్నట్టు కాదు, కాయను పట్టుకున్నట్టు. గోరుతో ఒక్కటి కొట్టింది. కుడి చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, నా నవ్వు పూర్తిగా సన్నగిల్లి ఆగిపోయేదాకా విన్నది. నన్ను అంతసేపు విన్నది ఆ కర్మాగారం ముసలాయన తర్వాత ఆమే.

తర్వాత నన్ను మంచి కాయల కుప్ప పక్కన పెట్టింది.

“ఇది మంచిదండి” అంది.