రూటర్‌కి వారాలు తెలీవు

ఆఫీసులో ఆమె పేరు రీస్టార్టు. అసలు పేరు హాజరుపట్టీలో ఎక్కడో ఉండే ఉంటుంది గానీ, పిలిచే దిక్కులేదు. ఇంటర్నెట్ కంపెనీ హెల్ప్‌లైన్లో ఆరేళ్ళుగా కూర్చుని, రోజుకి ఎనభై మందికి ఒకటే మంత్రం చెప్తుంది. "రూటర్ ఒకసారి ఆపి, పది లెక్కపెట్టి, మళ్ళీ పెట్టండి సార్." పదిసార్లలో ఏడుసార్లు పనిచేస్తుంది. మిగతా మూడుసార్లూ అవతలివాళ్ళు తిడతారు. తిట్లు కూడా జీతంలో భాగమేనని ఎప్పుడో సర్దుకుపోయింది.

అలాంటి మనిషి ఇంట్లో నెట్ మాటిమాటికీ ఆగిపోతోందంటే ఎవరికైనా నవ్వు రాదూ?

"ఏమే రీస్టార్టూ, నీ కంప్లయింటు నీకే ఇచ్చుకుంటున్నావా?" అంది పక్కసీటు పిల్ల. "ఆపి పెట్టి చూశావా మరి?"

ఆమె కూడా నవ్వేసింది. నవ్వకపోతే కారణం చెప్పాలి.

కారణం ఒక కాగితం. బీరువాలో చీరల కింద ఉంది. కోర్టువాళ్ళిచ్చింది. రాత్రి డ్యూటీలు చేసే తల్లి పిల్లనెలా చూసుకుంటుందని భర్త తరఫు లాయరు అడిగాడు. డ్యూటీ పగటికి మారేసరికి కేసు ముగిసింది. ఆరేళ్ళ బుడంకాయ తండ్రి దగ్గరే ఉండిపోయింది. బుడంకాయ అంటే కూతురే. పుట్టినప్పుడు అలాగే ఉండేది, గుండ్రంగా, చారలచారల గౌనులో.

ఆ కాగితంలో ఉన్నవి మూడు ముక్కలు. ప్రతి ఆదివారం సాయంత్రం అయిదింటికి అరగంట వీడియోకాల్. ఇరవై నిమిషాలు దాటకుండా తెగిపోతే అది జరగనట్టే లెక్క, దాని బదులు బుధవారం ఇంకో అరగంట. పిల్లకి ఇష్టం లేకపోతే బలవంతపెట్టకూడదు.

నెల క్రితం ఇంకో కాగితం తోడైంది, కౌన్సెలర్ మేడమ్ దగ్గర్నుంచి. తల్లి వైపు కనెక్షన్ నమ్మకంగా లేదట. నిజమే, పాత రూటరు మూడు చెరువుల నీళ్ళు తాగించింది. వేడెక్కితే ఆగేది, వానొస్తే ఆగేది, ఊరికే కూడా ఆగేది. ఇంకో మూడు ఆదివారాలు గనక తెగితే బుధవారాలు రద్దు, ఆదివారాలు కూడా రద్దు. ఇక నెలకొక్కసారే.

నెలకి అరగంట. ఆ వయసు పిల్లలు నెలకో బూటు సైజు పెరుగుతారు.

ఆమె పదకొండు రోజులు రూటర్లు చదివింది. ఇంజనీరింగ్‌లో ఒక్క పరీక్షకి కూడా అంత చదవలేదు. చివరికి శనివారం షాపుకెళ్ళింది.

"ఎన్ని యాంటెన్నాలు కావాలి మేడమ్?" అన్నాడు షాపతను. "నాలుగున్నది ఉంది, ఆరున్నది ఉంది, ఇదిగో, ఇది ఎనిమిది."

"సాలీడా అది?"

"స్పీడు మేడమ్! ఇంట్లో ఎంతమంది సినిమాలు చూస్తారు?"

"ఎవరూ చూడరు. వారానికొక్క కాల్ మాట్లాడాలి. అరగంట. తెగకూడదు."

అతను ఆమె మొహంలోకి ఒకసారి చూసి, సాలీడుని పక్కన పెట్టాడు.

"స్పీడు నాకొద్దండీ. వైరు లైను పోతే వెనకాల సిమ్ మీదకి దానంతటదే మారాలి. వేడెక్కితే ఆగకూడదు. ఏ నిమిషానికి ఏం జరిగిందో లోపల రాసిపెట్టుకోవాలి."

"అన్నీ తెలిసినవాళ్ళు షాపుకొస్తే మాకు తలనొప్పి మేడమ్," అంటూ పై అరలోంచి నల్లటి పెట్టె ఒకటి దించాడు. చూడ్డానికి టిఫిన్ బాక్సులా ఉంది. "ఇది బండరాయి. మూడేళ్ళ గ్యారంటీ. మా ఆవిడ నాకు మూడు పూటలకి కూడా ఇవ్వదు."

ఇంటికి తెచ్చి కిటికీ పక్కన, గోడకి దూరంగా, బల్ల మీద పెట్టింది. ముందు నాలుగు చిన్న దీపాలు పచ్చగా వెలిగాయి. వైరు పీకి చూసింది. క్షణంలో సిమ్ అందుకుంది. మళ్ళీ పెట్టింది. వైరు అందుకుంది. చేతులు కడుక్కుని వచ్చేసరికి వాళ్ళమ్మ దాని మీద తుండుగుడ్డ కప్పేసింది.

"అమ్మా! తియ్. దానికి గాలాడదు."

"కొత్త వస్తువే, దుమ్ము పడుతుంది."

"ఊపిరాడక ఆగిపోతుందమ్మా."

"అబ్బో, దీనికి ఊపిరి కూడానా! ఆ ఇంట్లో నీకాడనప్పుడు అడిగిన నాథుడు లేడు," అని గొణుక్కుంటూ ఆవిడ గుడ్డ తీసి భుజాన వేసుకుంది.

ఆదివారం అయిదింటికి తెర మీద బుడంకాయ కనిపించింది. ముందు పన్ను ఊడింది. వెనక అదే గోడ, అదే భోజనాల బల్ల. పక్కన, చేతిలో నోటుబుక్కుతో వదిన, అంటే పిల్లకి మేనత్త. కాల్ మొదలైన టైమూ, తెగిన టైమూ రాయడం ఆవిడ పని. కోర్టు చెప్పింది అంతవరకే. ఊరికే నిట్టూర్చడం సొంత పూనిక.

"అమ్మా, నా పన్ను చూడు! లేదు చూడు!"

"లేనిదాన్ని ఎలా చూడనే?"

"కన్నం చూడు!"

"ఆ కన్నంలో ఏనుగు పడుతుంది."

"పట్టదు! చీమ పడుతుంది." బుడంకాయ విరగబడి నవ్వింది. స్కూల్లో ఎవరో తన రబ్బరు కొరికేశారని చెప్పింది, వాడి పేరు చెప్పనని చెప్పింది, చెప్పేసింది. బొమ్మ అద్దంలా ఉంది. పిల్ల పెదవి మీద ఎండిన పాలచార కూడా కనిపిస్తోంది. పదకొండు రోజుల చదువూ సార్థకమైందనుకునేలోపు బొమ్మ కొయ్యబారిపోయింది. తర్వాత తెర నల్లబడింది.

వదిన దగ్గర్నుంచి మెసేజ్. "18 నిమిషాలు. నీ వైపే."

ఒక్కసారి తెగితే మళ్ళీ కలపడం ఆవిడ పద్ధతిలో లేదు. నోటుబుక్కు మూసేస్తుంది, ట్యాబ్ బీరువాలో పెట్టేస్తుంది.

రూటరు దీపాలు నాలుగూ పచ్చగా ఉన్నాయి. లోపల రాసుకున్నది తీసి చదివింది. ఇవతలి నుంచి పోయినవన్నీ పోయాయి. అవతలి నుంచే రావడం ఆగింది.

బుధవారం కాల్ అరగంటా తెగలేదు. వెన్నలా సాగింది.

రెండో ఆదివారం మళ్ళీ తెగింది. మళ్ళీ పద్దెనిమిదే. ఈసారి ఆమె కళ్ళార్పకుండా చూసింది. తెగే ముందు బుడంకాయ ఒక్క క్షణం మాట ఆపింది. తెర మూలనున్న గడియారం వైపు చూసింది. ఎడం భుజం కొంచెం కిందికి జారింది.

కౌన్సెలర్ మేడమ్ ఫోన్ చేసింది. "ఏంటమ్మా, ఇంకొక్కటే మిగిలింది. మంచి రూటరు కొనుక్కోమన్నాం కదా?"

"కొన్నానండీ. మంచిదే."

"మంచిదైతే ఎందుకు తెగుతుందమ్మా?"

ఆ రాత్రి రాతలన్నీ ముందేసుకుని కూర్చుంది. ఆదివారం పద్దెనిమిది, ఆదివారం పద్దెనిమిది. మధ్యలో బుధవారం మాత్రం నిక్షేపంలా ఉంది. అదే లైను, అదే టైము. హెల్ప్‌లైన్లో ఆరేళ్ళు ఊరికే పోలేదు. వేడికి ఆగే రూటర్లు చూసింది, ఎలుక కొరికిన వైర్లు చూసింది. ఆదివారం ఆగి బుధవారం నడిచేదాన్ని మాత్రం ఎక్కడా చూడలేదు. రూటర్‌కి వారాలు తెలీవు. వారాలు మనుషులకి తెలుస్తాయి.

వదినా? అనుకుంది. వదినే అయితే ఎంత బావుణ్ణనుకుంది. కోపానికి ఒక మనిషి దొరుకుతుంది.

బుధవారం, కాల్ మధ్యలో కాలింగ్‌బెల్ మోగి వదిన లేచింది. బుడంకాయ తెరకి ముక్కు ఆనించేంత దగ్గరికొచ్చింది. గొంతు బాగా తగ్గించి, "బుధవారం కూడా వచ్చావుగా!" అంది. అని, ఎడం కాలెత్తి కెమెరా ముందు పెట్టి, బొటనవేలు ఆడించింది.

ఆమెకి ఒక ఎర్ర స్విచ్చి గుర్తొచ్చింది.

ఆ ఇంట్లో నెట్ పెట్టించింది తనే. వైరు చాలక రూటరు భోజనాల బల్ల కిందే ఉండిపోయింది, ఎర్ర స్విచ్చి ఉన్న బోర్డుతో సహా. నెట్ ఆగినప్పుడల్లా ఒంగడానికి బద్ధకమేసి, ఒళ్ళో పిల్లతోనే, కాలి బొటనవేలితో ఆ స్విచ్చి నొక్కేది. పది లెక్కపెట్టేది. మళ్ళీ నొక్కేది. బుడంకాయకి అంకెలొచ్చింది అక్కడే, ఆ ఒళ్ళోనే.

"ఆ కాలేంటి, మొహాన పెట్టి? దించు!" వదిన తిరిగొచ్చి కూర్చుంది. "ఏం నేర్పుతున్నావమ్మాయ్ దానికి?"

"ఏం లేదు వదినా. డాన్సు చూపిస్తోంది."

మిగతా పావుగంటలో తనేం మాట్లాడిందో ఆమెకి గుర్తులేదు.

లెక్క సూటిగానే ఉంది. ఇరవై దాటకపోతే బుధవారం మళ్ళీ పెట్టాలని వదిన ఎప్పుడో పైకే అని ఉంటుంది. పిల్ల విన్నది. వారానికి ఒక అమ్మని రెండు చేసుకుంది. అంత తెలివి ఎక్కణ్ణుంచి వచ్చిందంటే ఏం చెప్పాలి? విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా?

"ఉన్నమాట ఆ మేడమ్‌కి చెప్పెయ్యవే," అంది వాళ్ళమ్మ.

"చెప్తే ఏమని రాస్తారో తెలుసా? పిల్లే కాల్ కట్ చేస్తోంది. పిల్లకి ఇష్టం లేదు. ఇష్టం లేకపోతే బలవంతపెట్టకూడదు. నెలకోసారి కూడా పోతుంది."

"ఇష్టమై చేస్తోందని చెప్పు."

"స్విచ్చి ఆపింది ఇష్టమంటే ఎవరు నమ్ముతారమ్మా? నమ్మినా, తల్లే నేర్పిందంటారు." తన కాలి బొటనవేలు చూసుకుని, "నేర్పాను కూడా," అంది.

వాళ్ళమ్మ తుండుగుడ్డతో రూటరు మీద లేని దుమ్ము తుడిచింది.

బుడంకాయకే చెప్పాలి. చెప్పాలంటే వదిన వింటుంది. వినకుండా ఎలా? మూడు రోజులు ఆఫీసులో ఫోన్లకి జవాబులిస్తూనే ఒక కథ కట్టింది. ఇరవై నిమిషాలు దాటేంత పొడుగు కథ. కథ మధ్యలో ఏ పిల్లయినా లేస్తుందా? దాటిస్తే చాలు. పైగా చెప్పాల్సింది అందులోనే చెప్పొచ్చు.

మూడో ఆదివారం. అయిదు.

"ఇవాళ కథ. చీమ కథ."

"నా పన్నులో పట్టే చీమా?"

"అదే. దానికి కాలవ అవతల ఒక నేస్తం ఉంది. మధ్యలో గడ్డిపరక వంతెన. వారానికోసారి నేస్తం ఆ వంతెన మీద నడిచొచ్చేది."

వదిన పెన్ను పట్టుకుని వింటోంది. కథలు రాయమని కోర్టు చెప్పలేదు కాబట్టి ఊరుకుంది.

"ఒకరోజు వంతెన విరిగింది. బాగుచేసుకోడానికి నేస్తం మధ్యలో ఇంకోసారి వచ్చింది. చీమకి భలే సరదా వేసింది. దాంతో ఏం చేసిందీ? రాణిచీమ చూడకుండా తనే వంతెన కొరకడం మొదలెట్టింది."

బుడంకాయ నోరు తెరుచుకుని వింటోంది. పన్నూడిన చోట కొత్తది తెల్లగా పొడుచుకొస్తోంది. పది నిమిషాలు. పన్నెండు.

"అప్పుడు రాణిచీమ అంది కదా, ఇంకొక్కసారి వంతెన విరిగిందో, ఇక అసలు కట్టనివ్వను. నేస్తం వానాకాలం దాకా రాకూడదు."

"చీమకి తెలుసా ఆ మాట?"

"తెలీదు. అదే వచ్చిన చిక్కు. నేస్తం ఒడ్డున నిలబడి అరుస్తోంది, కొరక్కే, కొరక్కే అని. నీళ్ళ చప్పుడులో వినపడటం లేదు." ఆమె మంచినీళ్ళు తాగింది. పదిహేడు. "చీమ వంతెన దగ్గరికొచ్చింది. పళ్ళు ఆనించింది. కొరకబోతూ..."

తన జన్మలో ఇంత బాగా కథ చెప్పలేదు. వదిన కూడా పెన్ను కింద పెట్టి ముందుకి వంగింది.

బుడంకాయ మొహం వెలిగిపోయింది. తెర మూల గడియారం చూసింది. ఎంత మంచి కథో, ఎంత మంచి చోట ఆగిందో ఆ మొహంలో కనిపిస్తూనే ఉంది.

"ఆగమ్మా, ఇప్పుడే చెప్పెయ్యకు!" అంది. "మిగతాది బుధవారం చెప్పు."

"వద్దు తల్లీ, ఇవాళే..."

ఎడం భుజం కిందికి జారింది.

తెర మీద నవ్వుతున్న పిల్ల కొంచెంసేపు అలాగే కదలకుండా ఉంది. తర్వాత నలుపు. దీపాలు మాత్రం నాలుగూ పచ్చగా ఉన్నాయి.

సోమవారం పొద్దున్నే కౌన్సెలర్ మేడమ్ ఫోన్. "మీరు కొన్నది నిజంగా మంచి రూటరేనా అమ్మా? కొత్తవాటిలో రాతలేవో ఉంటాయటగా, పంపండి చూస్తాం. తప్పు అవతలివాళ్ళదైతే అదీ రాస్తాం."

రాతలు ఎదురుగా కంప్యూటర్ మీద తెరిచే ఉన్నాయి. మూడు ఆదివారాలు, నిమిషాలతో సహా. ఒక్క నొక్కు నొక్కితే మేడమ్‌కి వెళ్తాయి. వెళ్తే ఆ ఇంట్లో బల్ల కిందికి ఎవరో ఒంగి చూస్తారు. ఎవరు నొక్కారే అని బుడంకాయని నిలబెట్టి అడుగుతారు.

"లేదండీ," అంది. "అది సరిగ్గా రాయడం లేదు. మా రూటరే బాగాలేదు."

"ముందే చూసి కొనుక్కోవాల్సింది కదమ్మా. ఇక ఈ బుధవారం నుంచే రద్దు, నెలకొక్కసారే."

"అవునండీ."

బుధవారం ఆఫీసునుంచి తొందరగా వచ్చేసింది. అయిదవుతుంటే బల్ల ముందు కూర్చుంది. రూటర్‌కి వారాలు తెలీవు కాబట్టి అది ఎప్పట్లాగే వెలుగుతోంది. కలిపితే కలిసేలా ఉంది. కలపకూడదు.

అయిదయింది. అవతల భోజనాల బల్ల దగ్గర బుడంకాయ ఈపాటికి కుర్చీ ఎక్కేసి ఉంటుంది, ట్యాబ్ ఇమ్మని అత్త ప్రాణం తీస్తూ. చీమ ఏం చేసిందో తెలియాలిగా.