బతికున్న మనిషికి విలాపకావ్యం

తంకమణికి రొమ్ములో గడ్డ ఉందని తేలిన నెలకే ఆమె మొగుడు గోవిందన్‌కుట్టి విలాపకావ్యం మొదలుపెట్టాడు. బడిలో మలయాళం చెప్పి రిటైరైన మనిషి, ఊరంతా మాష్ అంటారు. భార్య పోయాక కవి కావ్యం రాయడం మా వైపు కొత్తేం కాదు. ఈయనకు మాత్రం అంతవరకు ఆగే ఓపిక లేకపోయింది.

కావ్యంలో ఆమె తెల్లవారకుండానే రాలిన పారిజాతం, సందెవేళ ఆరిన దీపం, ఇసుక తేలిన నిళానది. అసలు తంకమణి లోపలి గదిలో వాంతులు చేసుకుంటూ కాస్త గంజి ఇచ్చే దిక్కు కోసం చూసేది. మాష్ వరండాలో వాన వంక చూస్తూ ప్రాస వెతుక్కునేవాడు. గంజి పక్కింటి అమ్మిణి తెచ్చేది.

కావ్యం వారపత్రికలో వచ్చింది. చదివినవాళ్ళు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. కోళిక్కోడు నుంచి ఎవరో పెద్దమనిషి ఫోన్ చేసి, మాష్ భార్య పోయినందుకు విచారం వెలిబుచ్చి, మీరెవరమ్మా అని అడిగాడు.

"పనిమనిషిని," అని పెట్టేసింది తంకమణి.

అది విని అమ్మిణికి ఒళ్ళు మండిపోయింది. బతికుండగానే పిండం పెట్టేశాడంది. తంకమణి మాత్రం మొగుణ్ణే వెనకేసుకొచ్చింది. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకోవడం చేతకాని మనిషి, నేనెక్కడ పోతానోనన్న భయంతో రాశాడు, నాకు నయమైతే ఆ కాగితాలు ఆయనే అవతల పారేస్తాడు అంది. పాపం, ఆ నమ్మకంతోనే చేదు మందులన్నీ మింగింది.

కర్కాటక మాసపు వానల్లో అమ్మిణిని తోడు తీసుకుని త్రిశూర్‌లో డాక్టరుకు చూపించుకుంది. జబ్బు జాడే లేదన్నాడాయన. తడిసిన చీరతోనే వరండా ఎక్కి మొగుడి ముందు నిలబడింది.

"మాషే, నేను చావను. తగ్గిపోయిందట," అంటూ చెయ్యి చాచింది.

మాష్ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. మంచిదన్నాడు. చాలా మంచిదన్నాడు. ఆ చెయ్యి మాత్రం అందుకోలేదు.

"తంకం, ఓణం పండక్కి పుస్తకం వస్తోంది కదా," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "సభలో నన్నే చదవమన్నారు. అప్పటిదాకా ఈ సంగతి ఎవరికీ చెప్పకు. అమ్మిణిని కూడా ఎవరితోనూ అనొద్దని చెప్పు."

"నేను బతకడం మీకు నామోషీగా ఉందా?"

మాష్ ఒళ్ళోని కావ్యం కాగితాలు సర్దుకున్నాడు. ఆమె అది చూసింది. ఇన్నాళ్ళూ ఈ మనిషి కోసమా తాను అంత చేదు మింగింది అనుకుంది.

"సరేలెండి, చెప్పను," అని లోపలికి వెళ్ళి, చీర మార్చుకుని, మళ్ళీ ఆ జబ్బుమంచం మీదే గోడవైపు తిరిగి పడుకుంది.

కాసేపటికి గ్రంథాలయం సెక్రటరీ వచ్చాడు. తంకమణి చేచ్చికి ఎలా ఉందని అడిగాడు. మాష్ గొంతు నిజంగానే వణికింది.

"ఏం చెప్పను నాయనా? ఇవాళో రేపో అన్నట్టుంది."

లోపల అది విన్న తంకమణి దుప్పటి మొహం మీదికి లాక్కుంది.