బోర్లించిన ముక్క

మా అన్నయ్య జేబులో ఒక కార్డు ఉంటుంది, తెలివైనవాళ్ళ సంఘంలో సభ్యుడని. ఇరవయ్యేళ్ళుగా ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ అది చూపించి, ఆ వెంటనే నన్ను చూపిస్తాడు. "మా చెల్లి చెయ్యి బంగారం. బుర్రే కాస్త..." అని నవ్వుతాడు. నేనూ నవ్వుతాను. ఏం చెయ్యను, నా ఖర్మ!

అందుకే ఈ ఏడు ఎవరికీ చెప్పకుండా ఆ సంఘంలో చేరడానికి రాసే పరీక్షకు దరఖాస్తు పెట్టాను. కార్డు తెచ్చి అన్నయ్య ముందు పడెయ్యాలి. నాకింకేం అక్కర్లేదు.

చొక్కాలు కుట్టే చోట నాది కటింగ్ పని. రోజంతా నిలబడి నడుం పడిపోతుంది. భోజనాల వేళ అందరూ కబుర్లాడుకుంటుంటే నేను మోడల్ ప్రశ్నల పుస్తకం ముందేసుకునేదాన్ని. అంకెల వరుసలు ఎలాగో లాక్కొచ్చాను. ఏ ముక్కలు కలిస్తే ఫలానా బొమ్మ అవుతుందో చెప్పే లెక్కలే నా ప్రాణం తీశాయి. పదికి మూడు, మహా అయితే నాలుగు. ఎందుకో నెల తర్వాత గాని తెలియలేదు. ఆ లెక్కల్లో ముక్కను బోర్లించవచ్చు. నేను బోర్లించను. పువ్వుల బట్టకు పువ్వులుండేది ఒకవైపే, ముప్పయ్యేళ్ళుగా ఈ చేతులకు అదే అలవాటు.

ఆ అలవాటు మానిపించాను. బస్సులో, స్నానం చేస్తూ, అంట్లు తోముతూ మనసులో ముక్కల్ని బోర్లించాను. "బోర్లించినా ముక్క అదేనే, మొద్దూ!" అని నన్ను నేనే తిట్టుకున్నాను.

పరీక్ష రేపనగా, పువ్వుల బట్ట నలభై పొరలు, పువ్వులన్నీ పైకి ఉండేలా పరిచి చొక్కా చేతులు కత్తిరించాను. కుడిచేతి నమూనా అట్టను బోర్లించి పెడితే భలే ఇమిడింది. గుడ్డ మిగిలిందని మురిసిపోయాను కూడా.

కాసేపటికి సూపర్‌వైజరు రెండు ముక్కలు పట్టుకొచ్చాడు.

"అక్కా, ఇవి రెండూ ఎడమవే."

"సరిగ్గా చూడు బాబూ."

"అన్నీ చూశాను. ఎనభైకి ఎనభై ఎడమవే. నువ్వేనా కత్తిరించింది?"

కుడిచేతి అట్టను బోర్లిస్తే ఎడమచేతిదైపోతుందని అప్పుడు తట్టింది. ఇన్నేళ్ళలో ఎవరూ నన్నా మాట అడగలేదు. ఇంకో అమ్మాయిని పిలిచి కొత్త గుడ్డ పరవమన్నాడు. నన్ను కూర్చోమన్నాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

భోజనాల వేళ ఏం తోచక పుస్తకం తెరిచాను. ముక్కల లెక్కలు పదీ చేసి, వెనక ఉన్న జవాబులతో సరిచూసుకున్నాను. పదికి పది. మొదటిసారి.

సంతోషం రావాలి కదా, ఏడుపొచ్చింది. నా చెయ్యి బంగారమని అన్నయ్య అన్నప్పుడల్లా ఒళ్ళు మండేది. ఇవాళ ఆ మాటైనా ఎవరన్నా అంటే బాగుండునని ఉంది.