తాడు అవతలి ఇసుక

పొద్దుటి నుంచీ వెర్నా సముద్రాన్ని కారు అద్దంలోంచే చూస్తోంది. అమెరికాలో ఒరెగాన్ తీరం వెంట కారు నడుపుతున్నది చెల్లెలు ఐడెల్లా. లైట్‌హౌస్ దగ్గర ఆపింది, సముద్ర సింహాలు ఎండకు పడుకునే రాళ్ల దగ్గర ఆపింది. ఆపిన ప్రతిచోటా ఒకటే మాట.

"నువ్వు దిగకక్కా. ఫొటో తీసుకొచ్చి చూపిస్తా."

వెర్నాకు డెబ్బై ఎనిమిదేళ్లు. తుంటి ఆపరేషనై నాలుగు నెలలైంది. డాక్టరు నడవమన్నాడు గాని, చెల్లెలు డాక్టరును మించిపోయింది.

మధ్యాహ్నం రోడ్డు మలుపులో ఇసుకలోకి దిగే కాలిబాట కనిపించింది.

"ఇక్కడ ఆపు."

"ఇక్కడేముందని?"

"సముద్రముంది. ఆపుతావా, దూకమంటావా?"

ఐడెల్లా ఆపక తప్పలేదు. వెర్నా చేతికర్ర పట్టుకుని మెల్లగా దిగింది. ఒడ్డున కొత్తగా లేచిన అద్దాల మేడ. దాని ముందు ఇసుకలో గుంజలు పాతి, మోకాలెత్తున తాడు కట్టి, బోర్డు తగిలించారు: 'సొంత స్థలం. రాకూడదు.'

వెర్నా కర్రతో తాడును కిందికి నొక్కి, ఒక్కో కాలే దాటించింది.

"అక్కా! పడితే ఎవరెత్తుతారు?" వెనక నుంచి ఐడెల్లా అరిచింది.

మేడలోంచి ఒకాయన గబగబా వచ్చాడు. "ఏమండీ, బోర్డు కనపడలేదా?"

"కనపడింది నాయనా. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. మాటే అబద్ధం."

"ఇది నేను కొనుక్కున్న చోటు!"

"ఇల్లు కొనుక్కున్నావు. ఇసుక నీకెవరమ్మారు? తీరం జనానిదని ఇక్కడ చట్టం చేసిననాటికి నాకు ఇరవై ఏళ్లు. ఆ చట్టం కావాలని మా అమ్మ గవర్నరుకు ఉత్తరం రాస్తే, పోస్టులో వేసింది నేను."

"పోలీసులను పిలుస్తాను."

"పిలువు. వచ్చేదాకా కూర్చుంటా. ఎక్కువసేపు నిలబడలేను."

అలలకు కొట్టుకొచ్చిన దుంగ మీద చతికిలబడింది. తిరిగి చూస్తే ఐడెల్లా కారు వైపు వెళ్లిపోతోంది. 'పోతే పోనీ' అనుకుని వెర్నా కర్రను ఇసుకలో గట్టిగా గుచ్చింది.

కాసేపటికి ఐడెల్లా రెండు మడత కుర్చీలు, చేపల సూపు ఫ్లాస్కు మోసుకుంటూ తాడు దాటి వచ్చింది. అక్క పక్కన కుర్చీ వేసి, ఆయన వైపు తిరిగింది.

"కాస్త పక్కకు జరుగుతారా? సముద్రానికి అడ్డొస్తున్నారు."

వెర్నాకు నవ్వాగలేదు.

పోలీసామె వచ్చింది. తాడు చూసింది, బోర్డు చదివింది.

"ఈ గుంజలు పాతిందెవరు?"

"నేనే. వీళ్లు నా—"

"మీరే పీకేస్తారా సార్, నన్ను కేసు రాయమంటారా?"

ఆయన మొహం కందగడ్డ చేసుకుని ఒక్కో గుంజా పీకాడు. అంతసేపూ రోడ్డు మీదే నిలబడి చూస్తున్న ఒక కుటుంబం బకెట్లు, తువ్వాళ్లతో బిలబిలమంటూ దిగి వచ్చింది.

వెర్నా బూట్లు విప్పింది. ఐడెల్లా మోచెయ్యి అందించింది. అల వచ్చి చీలమండలను కత్తిలా కోసింది.

"చలి చంపేస్తోందక్కా, వెనక్కి పోదాం!"

"ఇంకో అడుగు" అంటూ వెర్నా ముందుకే వేసింది.