తెర వెనక సీటు

మా విమానంలో ఆరు సీట్లు. ఏడోది కూడా ఉంది గానీ, అది మరుగుదొడ్డి. మూత వేసి, మీద మెత్త పరిచి, బెల్టు బిగిస్తే నియమాల ప్రకారం అదీ సీటే. ముందు ఒక తెర ఉంటుంది. అద్దెకు తీసుకునేవాళ్ళకు దాని సంగతి మేం చెప్పం. చెబితే ప్రతివాడూ ఒక బావమరిదిని అదనంగా వెంటేసుకొస్తాడు.

నేను అందులో కో-పైలట్‌ని. వేరే మనిషెవరూ ఉండరు కాబట్టి సామాన్లు తూచడం, కాఫీ ఇవ్వడం, నవ్వు మొహంతో నిలబడడం కూడా నా పనే. అన్నిటికంటే పెద్ద పని నోరు మూసుకోవడం. విమానాలు మా కంపెనీవి కావు. కొనుక్కున్న ఆసాములు మాకు లీజుకిస్తారు, మేం అద్దెలకు తిప్పుతాం. విమానం ఎవరిదో ఎక్కినవాళ్ళకు చెప్పకూడదు, ఎక్కింది ఎవరో ఆసామికి చెప్పకూడదు.

ఈ విమానం మనూసోస్ గారిది. క్రీటు దీవిలో, ఇయెరాపెత్రా ఊళ్ళో టమాటా తోటలున్న పెద్దమనిషి. సరదాపడి కొన్నాడనుకున్నాం. తెల్ల ఏనుగును మేపడం మాటలా? ఏడాది తిరక్కుండా మా చేతిలో పెట్టాడు. మేం నీలం చారలు చెరిపేసి బూడిద రంగు వేయించాం. ఒప్పందం ప్రకారం ఆయనకు కావాలన్నా ఒక రోజు ముందు చెప్పాలి.

ఆ రోజు పొద్దున ఎవరినో అదే దీవిలోని హెరాక్లియోన్‌లో దింపి, ఖాళీగా ఏథెన్స్ తిరిగెళ్ళబోతుంటే ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. దగ్గర్లోని మాలియాలో హోటళ్ళున్న సిఫిస్ అనే ఆయన కుటుంబాన్ని వెంటనే ఉత్తర గ్రీసులోని ఇయొన్నినాకు తీసుకెళ్ళాలి. అక్కడున్న కోడలికి నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయట. రక్తం కనపడుతోందట, సాయంత్రంలోపు ఆపరేషన్ అట.

సిఫిస్, ఆయన భార్య కల్లియోపి, ఇద్దరు చెల్లెళ్ళు, వాళ్ళ మొగుళ్ళు. ఆరుగురూ చీజ్ దిమ్మలు, నూనె డబ్బాలు, రాకీ సారా సీసాలు మోసుకుని దిగారు. పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళడమంటే ఇదే. నేను తూకం చూస్తుండగా మనూసోస్ గారు రొప్పుకుంటూ వచ్చారు.

"అమ్మాయ్, బండి ఇక్కడుందని ఇప్పుడే తెలిసింది. తియ్యండి. మా పిల్ల ఎరోఫిలికి బాలేదు, ఇయొన్నినా పోవాలి."

"అద్దెకు పోయిందండీ," అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు.

"ఎవరికి?"

చెప్పకూడదు. చెప్పక్కర్లేకపోయింది. సిఫిస్ విమానం వెనక నుంచి వచ్చి ఈయన్ని చూసి ఆగిపోయాడు. అప్పుడు గానీ నాకు వెలగలేదు, ఆయన కోడలూ ఈయన కూతురూ ఒకటేనని.

ఈ వియ్యంకుల గొడవ క్రీటు అంతటికీ తెలుసు. పెళ్ళి విందులో సిఫిస్ గ్లాసెత్తి అన్నాడు, "మా బావగారు విమానం కొన్నారు. లోపల నిలబడాలంటే మరుగుజ్జయి పుట్టాలి. నాకెందుకొచ్చింది, నేను గాడిదెక్కి వస్తా." జనం పడీ పడీ నవ్వారు. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

"ఏం బావగారూ," అన్నాడు సిఫిస్, "మీ విమానమేదీ?"

"ఎవరో అద్దెకు తీసుకున్నారు," అన్నారు మనూసోస్ గారు. కళ్ళు మాత్రం విమానం మీదే ఉన్నాయి.

ఆ విమానం ఇదేనయ్యా మహానుభావా అని అరవాలనిపించింది నాకు. అరిస్తే ఉద్యోగం పోతుంది. "ఇంకొక మనిషికి చోటుంది, మీరు ఒప్పుకుంటే," అన్నాను సిఫిస్‌తో. ఆ చోటు ఏమిటో కూడా చెప్పాను. "బరువు సరిపోవాలంటే ఆ చీజూ నూనే ఇక్కడే వదిలెయ్యాలి."

సిఫిస్ చెల్లెళ్ళ మొగుళ్ళ వైపు చూశాడు. వాళ్ళు ఆకాశం వైపు చూశారు. ఇంటి అల్లుళ్ళని మరుగుదొడ్డి మీద కూర్చోమనే ధైర్యం ఏ దేశంలోనూ ఎవడికీ ఉండదు.

"అన్నయ్యగారిని ఎక్కించమ్మా," అంది కల్లియోపి. "చీజ్ తినడానికి పోతున్నామా మనం?"

మనూసోస్ గారు తలవంచుకుని ఎక్కారు. నడవలో అందరి మోకాళ్ళూ దాటుకుంటూ వెనక్కి వెళ్ళారు. ఆ తెర కొక్కెం ఎప్పుడూ ఇరుక్కుంటుంది, కొద్దిగా పైకెత్తి లాగాలి. నేను సాయం వెళ్ళేలోగా ఆయనే పైకెత్తి లాగారు. మెత్త కింద ఉండే బెల్టును చూడకుండానే తీసి కట్టుకున్నారు. ఎదుటి సీట్లో ఉన్న కల్లియోపి అదంతా చూసింది.

విమానం పైకి లేచి సముద్రం మీదికొచ్చాక నేను కాఫీ ఇస్తుంటే నా చెయ్యి పట్టుకుంది. "ఈ విమానం ఎవరిదమ్మాయ్?"

"చెప్పకూడదండీ."

"చెప్పకులే. తెలిసింది." మొగుడి వైపు తిరిగింది. "విన్నావా? ఆ మనిషిని ఆయన విమానంలోనే దొడ్లో కూర్చోబెట్టి తీసుకుపోతున్నాం."

నేను నా సీట్లోకి వెళ్ళిపోయాను. అయినా అన్నీ వినపడ్డాయి. క్రీటు వాళ్ళ గొంతుల్ని ఏ ఇంజనూ ముంచలేదు.

"బావగారూ," అన్నాడు సిఫిస్ కాసేపటికి, "నాదని ఒక్క మాట చెప్పకూడదా?"

"చెబితే మీరు దిగిపోతారు. మీరు దిగితే విమానం కదలదు, నాకివ్వాలన్నా ఒక రోజు ముందు చెప్పాలి. నేను పిల్ల దగ్గరికి పోవాలి." తెర వెనక నుంచి మాట నెమ్మదిగా వచ్చింది. "అది పుట్టింది గావ్‌దోస్ దీవిలో, మా ఇంట్లో. ఇలాగే రక్తం పోయింది వాళ్ళమ్మకి. దక్షిణపు గాలి. పడవ రాలేదు. ఒడ్డున నిలబడి చూస్తూనే ఉన్నాను, రాలేదు. రేపెప్పుడైనా పిల్ల కడుపుతో ఉంటే మళ్ళీ పడవ కోసం చూడకూడదని పెళ్ళికి ముందే కొన్నానయ్యా దీన్ని. షోకుకి కాదు. మోయలేక అద్దెకిచ్చాను. సరిగ్గా ఇవ్వాళే పోవాలా?"

నాకు ముందున్న అద్దం మసకబారింది. కెప్టెన్ నా వైపు ఒక కాగితం రుమాలు జరిపాడు, మంచివాడు.

ఇయొన్నినాలో దిగాం. తలుపు ముందువైపు ఉంటుంది, వెనకున్నవాళ్ళు ఆఖర్న దిగాలి. నేను తలుపు తీసి చూసేసరికి సిఫిస్ చెయ్యి చాచి చెల్లెళ్ళనీ వాళ్ళ మొగుళ్ళనీ ఆపేసి ఉన్నాడు.

"ఎవరూ లేవకండి. కాళ్ళు లోపలికి పెట్టుకోండి. బావగారు ముందు దిగాలి."

మనూసోస్ గారు తెర తీసుకుని, వంగి, గబగబా వచ్చారు. సిఫిస్ దగ్గర ఒక్క క్షణం ఆగారు.

"మొహం చూస్తారేంటి బావగారూ, పరిగెత్తండి."

పరిగెత్తారు. ఆయన విప్పి తగిలించిన కోటు తెర వెనకే ఉండిపోయింది.

ఆపరేషన్‌కి తీసుకెళ్ళే ముందు ఎరోఫిలి చెయ్యి పట్టుకోగలిగారట. తల్లీ బిడ్డా దక్కారు. ఆడపిల్ల.

వాళ్ళని తిరిగి తీసుకురావడానికి మళ్ళీ మమ్మల్నే పంపారు. ఏడుగురూ వచ్చారు. నేను కోటు మనూసోస్ గారికి ఇస్తుండగానే సిఫిస్ అందరికంటే ముందు ఎక్కి, నడవలో వంగి నడిచి, తిన్నగా తెర వెనక్కి పోయి కూర్చున్నాడు. కొక్కెం ఇరుక్కుంది.

"కొద్దిగా పైకెత్తి లాగండి," అన్నారు మనూసోస్ గారు, సిఫిస్ సీట్లో కూర్చుంటూ.

తెర మూసుకుంది. లోపల నుంచి గొంతు వినపడింది.

"ఇక్కడ బాగానే ఉంది బావగారూ. నిలబడే పనే లేదు."