చెప్పినదీ రాసినదీ

రోగులు కూర్చునే బల్లను ఆమె తుడుస్తుండగా లోపలి గదిలోంచి భర్త కేక వేశాడు. "ప్రెస్సునించి ప్రూఫులొచ్చాయి. ఉత్తరాలన్నీ నీ దస్తూరీయే కదా, నువ్వే చూసిపెట్టు. నాకెక్కడ తీరుతుంది?"

ఆ ఇంట్లో ఎవరికీ తీరని పనులన్నీ ఆమెకు తీరేవి. కింది గదుల్లో భర్త వైద్యం, మేడమీద కాపురం. వచ్చినవాళ్ళకు చీటీలు రాసివ్వాలి, బల్లలు తుడవాలి, పరుపుల మీది దుప్పట్లు మార్చాలి, మధ్యలో పైకి పరుగెత్తి పొయ్యి సంగతి చూసి మళ్ళీ కిందికి రావాలి. "మా ఆవిడ ఊరికే కూర్చోలేదు. అందుకని కాస్త సాయం చేస్తూంటుంది," అని రోగులతో నవ్వుతూ చెప్పేవాడు భర్త. ఆ మాట చెవిన పడినప్పుడల్లా మెట్ల మధ్యలో ఆమె కాళ్ళు ఆగేవి. కోపం వచ్చిందేమోనని తనను తాను తడిమి చూసుకునేది. కోపం దొరికేది కాదు. ఏదో మరిచిపోయినట్టు మాత్రం ఉండేది.

ఆ ప్రూఫులు చనిపోయిన మామగారి ఉత్తరాలవి. ఆయనా డాక్టరే. వయసులో ఉండగా యుద్ధానికి వెళ్ళి, ఒక బడిని ఖాళీ చేయించి పెట్టిన ఆసుపత్రిలో పనిచేశారు. అక్కడ తోడు దొరికిన సర్జన్ని ఆయన జీవితాంతం 'కత్తి డాక్టరు' అనే పిలిచారు. యుద్ధం అయిపోయాక చెరో ఊళ్ళో స్థిరపడ్డా, ఉత్తరాలు మాత్రం ఆపలేదు. వాటిలో యుద్ధం కబుర్లుండేవి, చదివిన పుస్తకాలుండేవి, పాతకాలపు వైద్యం మీద వాదాలుండేవి. మత్తుమందు లేని రోజుల్లో కోత కోసేవాడికి చెయ్యి వేగమే గొప్పా, గుండె రాయి కావడం గొప్పా అని నెలల తరబడి పోట్లాడుకున్నారు. "నీకు అరువిచ్చిన పుస్తకం తిరిగొచ్చేసరికి దాని మీద నీ పేరుంటోంది. ఇదేం జబ్బోయ్?" అని ఈయన రాస్తే, "మందు లేని జబ్బు," అని ఆయన జవాబు. కత్తి డాక్టరు ఇంకా ఉన్నాడు. ఈ ఉత్తరాలను పుస్తకంగా వేయిస్తున్నది ఆయన కూతురు.

చివరి ఏళ్ళలో మామగారికి చూపు మందగించింది. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని ఆమె వెళ్ళి మంచం పక్కన కూర్చునేది. ఆయన చెప్పేవారు, ఆమె రాసేది. చెబుతూ చెబుతూ ఆయన కునుకు తీసేవారు. "మిగతాది నువ్వు చూసుకో అమ్మాయ్," అని ఒక్కోసారి అనేవారు, ఒక్కోసారి అదీ అనకుండానే గురక పెట్టేవారు. ఆమె చూసుకునేది. మొదట్లో 'క్షేమం, ఉంటాను' వరకే. పోనుపోను ఒక వాక్యం, ఆ వాక్యానికి ఇంకో వాక్యం.

ఆ రోజు ఏడో ఉత్తరమో ఎనిమిదో ఉత్తరమో దిద్దుతూ ఆమె ఒక పేజీ దగ్గర ఆగిపోయింది.

'అక్కడ కట్టుగుడ్డలు ఉతికే మనిషి ఒకామె ఉండేది. చీమూ నెత్తురూ అంటిన గుడ్డల్ని మేము చూడకుండా వెనక్కి విసిరేవాళ్ళం. పొద్దున్నే అవి తెల్లగా మడత పెట్టి ఉండేవి. గుడ్డలు వాటంతట అవే తెల్లబడతాయని అనుకున్నామో ఏమో. ఒకనాడు టీ అందిస్తుంటే ఆమె వేళ్ళు చూశాను. నాని, పాలిపోయి, చర్మం ఊడివస్తోంది. నేను గ్లాసు మాత్రం అందుకున్నాను. చేతులు కడుక్కోమన్నందుకు తోటివాళ్ళ చేత వెక్కిరింపులు పడ్డ వైద్యుడి గురించి మనం పుస్తకాల్లో చదువుకున్నాం. కడిగి కడిగి చేతులు పోగొట్టుకున్నవాళ్ళ గురించి ఎవరు రాశారు?'

మొదటి వాక్యం ఆయన చెప్పిందే. అది ఆమెకు బాగా గుర్తు. 'ఒకామె ఉండేది' అని నోరు సగం తెరుచుకునే నిద్రలోకి జారిపోయారు. తర్వాతది? ఆ రోజుల్లో మంచాన పడ్డ ఆయన పక్కగుడ్డలు ఉతికి ఉతికి ఆమె వేళ్ళే పాలిపోయాయి. కలం పట్టుకుంటే మండేవి. ఆ మంటతోనే రాసింది. అయితే ఆ టీ గ్లాసు ఎక్కడిది? అంతకుముందెప్పుడో ఆయన మాటవరసకు చెప్పారా, తను కల్పించిందా? మెలకువ వచ్చాక, "ఏం రాశావు?" అని అడిగారు. చదివి వినిపించింది. ఆయన "ఊఁ" అని, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించమన్నారు. ఆ ఊఁకి అర్థమేమిటి? అవును, ఇలాగే జరిగిందనా? సరే, ఇలాగే పోనీయమనా? ఉత్తరమంతా 'నేను', 'నేను' అని ఉంది. ఆ మాటకు ఆడా మగా లేదు. ఎవరు తొడుక్కుంటే వాళ్ళకే సరిపోతుంది. పోనీ యుద్ధానికి వెళ్ళింది ఆయన కదా అనుకుంటే, చేతులు మాత్రం తనవి. ఆలోచించేకొద్దీ చిక్కుముడి మరింత బిగుసుకుంది.

సరిగ్గా అప్పుడే కత్తి డాక్టరు కూతురు ఫోన్ చేసింది. "ఆ గుడ్డలుతికే ఆవిడ పేజీ చూశారా అక్కా? పుస్తకం మొత్తానికి అదే ప్రాణం. చదివి వినిపిస్తే నాన్న కళ్ళ నీళ్ళు పెట్టుకున్నారు. అవునమ్మా, అచ్చం అలాగే జరిగింది, ఆ గ్లాసు నేనూ చూశానన్నారు."

ఆమె ఫోన్ పెట్టేసి ఆ పేజీని మళ్ళీ చూసింది. కత్తి డాక్టరు నిజంగా చూశాడా? చదివాక చూసినట్టు అనిపించిందా?

భర్త భోజనానికి పైకొచ్చినప్పుడు మెల్లగా కదిపింది. "ఏమండీ, ఆ పేజీ నేను రాశాననుకుంటాను."

"నువ్వు కాక పక్కింటివాళ్ళు రాస్తారా? ఉత్తరాలన్నీ రాసింది నువ్వేగా."

"అలా రాయడం కాదు. నేనే రాశాను."

"అదే నేనూ అంటున్నాను. రాసింది నువ్వే, చెప్పింది నాన్న. ఇందులో తెలియనిదేముంది?" కంచం దగ్గరికి జరుపుకున్నాడు. "అన్నట్టు ముందుమాట కావాలట నా పేరుతో. నువ్వే రాసెయ్, సంతకం పెట్టేస్తాను. 'మా నాన్నగారు' అని మొదలుపెట్టు, నిండుగా ఉంటుంది."

రాయడం అన్న మాటకు ఇంట్లో ఒకటే అర్థం ఉందని ఆమెకు అప్పుడు తెలిసింది. చెబుతుంటే దింపుకోవడం. రెండో అర్థం ఆమెక్కూడా కొత్తే. దాన్ని వాడబోతే నోరు తిరగలేదు.

అత్తగారి మంచం దగ్గరికి వెళ్ళింది. "అత్తయ్యా, యుద్ధంలో గుడ్డలుతికే ఆవిడ గురించి మామయ్యగారు మీతో ఎప్పుడైనా చెప్పారా?"

"నాతోనా?" ఆవిడ బోసినోటితో నవ్వారు. "ఉప్పు ఎక్కువైతే నాతో చెప్పేవాడు. తక్కువైనా చెప్పేవాడు. సరిపోయిన రోజు మాటే లేదు. ఏదీ, చదువు."

చదివింది. అత్తగారు కళ్ళు మూసుకుని విన్నారు. చివరికొచ్చేసరికి దుప్పటిలోంచి రెండు చేతులూ బయటికి తీసి, అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు.

"నా గురించే కదటే ఇది," అన్నారు. "నువ్వు కాపురానికొచ్చేదాకా కింద ఆసుపత్రి గుడ్డలన్నీ నేనే కదా ఉడకేసింది. ఒక్కనాడూ తలెత్తి చూడలేదనుకున్నాను. చూశాడన్నమాట. పైకి చెప్పడానికి సిగ్గుపడి యుద్ధం మీద పెట్టి రాసుకున్నాడు." ఆవిడ ముఖంలో అంత వెలుగు ఆమె ఏనాడూ చూడలేదు. "ఇంకోసారి చదువమ్మాయ్."

ఇంకోసారి చదివింది. ఈసారి గొంతు తనది కానట్టుంది. ఇది నేను రాశానత్తయ్యా అంటే ఈవిడకు దక్కింది లాక్కున్నట్టు. అనకపోతే తనకున్నదే పోగొట్టుకున్నట్టు. మామగారు నిజంగానే చూశారేమో, చెప్పలేక తన చేత చెప్పించారేమో. లేక తను రాస్తే మామగారూ, కత్తి డాక్టరూ, అత్తగారూ తలో ముక్కా పంచుకున్నారా? ఆ పంపకంలో తన వాటా ఏది?

కింద భర్త పిలుస్తున్నాడు. రోగులు వచ్చినట్టున్నారు. ఆమె వెళ్ళలేదు. బల్ల దగ్గర కూర్చుని, పిలుపు ఆగేదాకా ఆగి, కాగితం తీసుకుంది. రాసి కొట్టేసింది. కొట్టేసి రాసింది.

చివరికి అతనే పైకొచ్చాడు. "ఎన్నిసార్లు పిలవాలి? అయిందా ముందుమాట?" అంటూ భుజం మీదుగా వంగి గట్టిగా చదివాడు. "'మా మామగారు చెబుతుంటే ఈ ఉత్తరాలు నేను రాశాను. ఆయన ఎక్కడ ఆగారో, నేను ఎక్కడ మొదలుపెట్టానో ఇప్పుడు నాకే తెలియడం లేదు...' మామగారేమిటి? నాన్నగారు అనాలి కదా! సంతకం పెట్టేది నేనైతే మామగారెలా అవుతారు?"

"అవరు," అంది ఆమె. "మీరు పెట్టక్కర్లేదు."