తైషోగోతో

ఆ పేరు మా ఇంట్లో పలికింది ఒక్క మా ఆయనే. హోసూరులో ఒక జపాన్ కంపెనీలో తోటపని చేసేవాడు. జపానుకు తిరిగిపోతూ అక్కడి ఇంజనీరు ఒకాయన ఇచ్చిపోయిన వాయిద్యం అది. అడుగున తీగలు, పైన టైపు మిషనుకు ఉన్నట్టు మీటలు. మా ఊరు మత్తిగిరిలో అందరూ దాన్ని బెంజో అంటారు. ఈయన మాత్రం "బెంజో కాదే గంగా, తైషోగోతో" అని దిద్దేవాడు. నాకు నోరు తిరిగేది కాదు. "ఏదో ఒకటి, వాయించి చావు!" అని విసుక్కునేదాన్ని.

నాలుగేళ్ల కింద పోయాడు. మా భజన బృందంలో ఒక పద్ధతి ఉంది. వాయించే మనిషి పోతే, శవాన్ని ఎత్తకముందే తీగలు వదులు చేయాలి. లేకపోతే పాట కోసం తిరిగొస్తాడంటారు. బృందం పెద్ద ముత్తప్ప చేయి పెట్టబోతే నేను మీదపడి అరిచాను.

"ముట్టినావంటే చెయ్యి ఇరుస్తా! ఆయన బిగించిన తీగలు అట్లనే ఉండల్ల."

తిరిగొచ్చాడు. రోజూ దీపం పెట్టే వేళకు ఒక తీగ దానంతటదే మోగేది. నాకేం భయం, నలభై ఏళ్లు కాపురం చేసినదాన్ని. ఎవరికీ చెప్పకుండా దాని పక్కనే కూర్చుని రాగిపిండి జల్లించుకునేదాన్ని.

మొన్న మనవరాలు చైత్ర దాని ముందు కూర్చుంది. బిడ్డకు మూడేళ్లు. తాతను చూడనే లేదు.

"అవ్వా, ఇది తైషోగోతో," అంది.

నా చేతిలో జల్లెడ జారింది. "ఎవురు చెప్పినారే?"

"తాత. ఈడే కూర్చోనుండాడు. నాతో రా, నేర్పిస్తా అంటాడు."

"యాడికి రమ్మంటాడు?"

బిడ్డ వెనక తలుపు చూపించింది. ఆ దారి మావాళ్లను పూడ్చే చోటికి పోతుంది.

నాకు ఒళ్లు మండింది. "బిడ్డ జోలికి వస్తావా? సిగ్గుండల్ల నీకు!" అని తిడుతూనే ఏడ్చాను. ఏడుస్తూనే ఒక్కో బిరడా తిప్పి తీగలు వదులు చేశాను. ఆఖరి తీగ దగ్గర చేయి ఆగిపోయింది. అది కూడా వదులైతే ఇక ఆయన నాకు లేడు. ఇంతలో చైత్ర లేచి వెనక తలుపు తోస్తోంది. ఆ బిరడా కూడా తిప్పేశాను.

ఆయన పనికి పోయేటప్పుడు రోజూ "పోయిరాప్పా" అని పంపేదాన్ని. ఆ సాయంత్రం "పో" అని మాత్రమే అన్నాను.

మర్నాడు పొద్దున వాయిద్యం చూపించి చైత్రను అడిగాను. "ఇదేందే?"

"బెంజో," అని ఆడుకోవడానికి పరిగెత్తింది.

ఒక్కసారి ఆ పేరు వినాలనిపించింది. నేనే పలికి చూశాను. నోరు తిరగలేదు.